నలభై ఏడేళ్ళకు మళ్ళీ ఏడు పెంకులాట

సాగరతీరం (విశాఖపట్నం), ఆదివారం రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మూడేళ్ళ క్రితం రక్తపరీక్షలో చక్కెర హద్దు మీద ఉందని తేలినప్పటి నుంచి నేను రోజూ ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తున్నాను. తెల్లవారుజామున కొన్ని గంటలు ఆ దారిలో వాహనాలను రానివ్వరు కాబట్టి, కాళీమాత గుడి దగ్గర బయలుదేరి కురుసుర జలాంతర్గామిని దాటి వెళ్ళి, పదివేల అడుగులు పూర్తయ్యాయని చేతి గడియారం మోగేసరికి ఇంటి దారి పట్టడం నా అలవాటు. ఇంటి అప్పుకు నెలవారీ వాయిదా కట్టినట్టుండేది ఆ నడక. కట్టకపోతే గుబులు ఉండేది తప్ప, కట్టినందుకు సంతోషం ఎన్నడూ లేదు.

గత నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు వెనుక ఖాళీ స్థలంలో పిల్లలు ఏడు పెంకులాట ఆడుతూ, జట్టుకు ఒకరు తక్కువయ్యారని నన్ను పిలిచారు. వాళ్ళలో ఎవరూ పెంకుటింట్లో పెరిగినవారు కారు. నేల పరిచిన పనిలో మిగిలిన కడప రాయి ముక్కలు నాలుగు, స్నానాల గది టైలు ముక్కలు మూడు పోగుచేసుకున్నారు. రాయి మీద రాయి కుదురుగానే కూర్చుంటుంది గాని, టైలు ముక్కను నునుపు వైపు కిందికి పెడితే జారిపోతుంది. దొంతర రెండుసార్లు కూలిన తరువాత గాని ఆ సంగతి నాకు బోధపడలేదు. మూడోసారి ఒంగి అయిదో ముక్క పెడుతుండగా బంతి వచ్చి వీపు మీద చెళ్ళున తగిలింది. నా గొంతులోంచి ఒక కేక వెలువడింది. ఇరవై అయిదేళ్ళుగా కార్యాలయంలో గాని, ఇంట్లో గాని నేను ఆ గొంతుతో అరచి ఎరుగను.

ఇంటికి వచ్చి చూసుకుంటే గడియారం లెక్కలో ఆ ఆట మొత్తానికి రెండువేల మూడువందల అడుగులే ఉన్నాయి. పదివేల అడుగులకు పట్టని చెమట ఆ రోజు పట్టింది. రాత్రి భోజనం దగ్గర కారణం లేకుండా రెండుసార్లు నవ్వానట, మా ఆవిడ చెప్పింది. ఇప్పటికి నాలుగు ఆదివారాలు ఆడాను. నా ప్రశ్న ఇది: ఈ సంతోషం వ్యాయామం వల్ల కలిగిందా, చిన్ననాటి జ్ఞాపకం వల్ల కలిగిందా, లేక వేరే కారణం ఉందా? నలభై దాటాక మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

బావిగట్టు (హనుమకొండ), ఆదివారం రాత్రి 10.25

సాగరతీరం గారూ, నాకు జరిగింది ఈతలో. నేను ఏడేళ్ళ వయసులో మా ఊరి మోటబావిలో ఈత నేర్చుకున్నాను. మా మేనమామ నా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, ఒక తాడు కొస తన చేతిలో పట్టుకొని, ఏమీ చెప్పకుండా గట్టు మీది నుంచి తోసేవాడు. నీళ్ళు మింగి పైకి తేలిన ప్రతిసారీ ఆయన నవ్వు వినిపించేది. నెల తిరిగేసరికి బుర్రలు విప్పేశారు.

ఇప్పుడు నాకు యాభై రెండేళ్ళు. నడుము నొప్పికి ఈత మంచిదని వైద్యులు చెప్పడం వల్ల నాలుగేళ్ళుగా పట్టణంలోని ఈతకొలనుకు వెళ్తున్నాను. వరుస తప్పకుండా ఇరవై సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు ఈది, ఒళ్ళు తుడుచుకొని వస్తాను. నడుము బాగుపడింది, అది వాస్తవం. అయితే కొలను నుంచి ఎప్పుడూ నవ్వుతూ బయటికి రాలేదు. నిరుడు వానలు బాగా పడి చెరువు నిండడంతో మా బావిలో కూడా నీళ్ళు పైదాకా వచ్చాయి. దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు మా అన్నదమ్ములం ముగ్గురం లోతు చూసుకొని, తాడు దించిపెట్టి, ఒక మనిషిని గట్టున కూర్చోబెట్టి ఒకరి తరువాత ఒకరం దూకాము. కాళ్ళు గట్టును వదిలి నీటిని తాకేలోపు కడుపులో ఒక ఖాళీ ఏర్పడుతుంది చూశారా, అది ఏడేళ్ళప్పుడు ఎలా ఉండేదో యాభై రెండేళ్ళకూ అలాగే ఉన్నది. ఈత అదే, నీళ్ళు అవే. మరి ఆ ఖాళీ కొలనులో ఎందుకు దొరకదో నాకు తెలియదు.

ఎదురుగాలి (హైదరాబాద్), సోమవారం ఉదయం 6.10

మీ ఇద్దరి రాతలూ బాగున్నాయి గాని, నేను ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. బాల్యమంటే ఆటల పండుగ అన్నట్టు మాట్లాడుతున్నారు. అందరి బాల్యమూ అటువంటిది కాదు. నేను చిన్నప్పుడు లావుగా ఉండేవాణ్ణి. మా బడిలో డ్రిల్లు పీరియడంటే నాకు ముందురోజు రాత్రి నుంచే కడుపునొప్పి వచ్చేది. ఇంటిపని చేయకపోయినా, ఆలస్యంగా వచ్చినా శిక్ష ఒక్కటే: మైదానం చుట్టూ మూడుసార్లు పరుగు. పరుగును శిక్షగా నేర్పిన బడి నుంచి వచ్చినవాడికి పరుగులో ఆనందం ఎక్కడిది? జట్లు పంచుకొనేటప్పుడు చివరికి మిగిలిపోయి, ఎవరికీ అక్కరలేని మనిషిగా నిలబడిన అనుభవం ఉన్నవారికి నా మాట అర్థమవుతుంది.

ముప్పై తొమ్మిదో ఏట నేను పాత సైకిలు ఒకటి కొన్నాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల పైకప్పుతో వేసిన సైకిలు బాట 2023లో ప్రారంభమైనప్పటి నుంచి వారానికి మూడు ఉదయాలు అక్కడే గడుపుతున్నాను. పక్కనుంచి లారీ దూసుకుపోదు, ఎవరూ హారను మోగించరు, ఎండ నెత్తిన పడదు. పల్లంలో తొక్కడం ఆపి కాళ్ళు చాచి వదిలేసినప్పుడు కలిగే సంతోషం నాకు బాల్యంలో ఎన్నడూ కలగలేదు కాబట్టి, అది తిరిగి రాలేదు, కొత్తగా వచ్చింది.

ఇంకొక మాట. లెక్కలను మరీ ఆడిపోసుకోకండి. ఏ రోజు ఎంత దూరం, ఎంత వేగం అన్నది నేను పుస్తకంలో రాసుకుంటాను. పిల్లలు మాత్రం గోళీలు లెక్కపెట్టుకోరా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం), సోమవారం ఉదయం 11.05

నాయనా ఎదురుగాలీ, నీ అభ్యంతరం న్యాయమైనది. అయితే బావిగట్టు గారి ‘కడుపులో ఖాళీ’, నీ ‘కాళ్ళు చాచి వదిలేయడం’ ఒక్క జాతివే అని నాకు తోస్తున్నది. నేను ముప్పై ఏళ్ళు కళాశాలలో పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి కాబట్టి కొంచెం పాఠం చెప్పే అలవాటు పోలేదు, మన్నించాలి.

రోజె కైవా అనే ఫ్రెంచి పండితుడు 1958లో ఆటలను నాలుగు రకాలుగా విభజించాడు. మొదటిది పోటీ, రెండవది అదృష్టం, మూడవది వేషం కట్టడం. నాలుగవది తల తిరిగేలా చేసుకోవడం. దీనికి ఆయన ‘ఇలింక్స్’ అని పేరు పెట్టాడు. నీటి సుడికి గ్రీకులో ఆ మాట ఉంది. ఉయ్యాల, జారుడుబండ, గట్టు మీది నుంచి దూకడం, పల్లంలో సైకిలు వదిలేయడం, అన్నీ ఇందులోకే వస్తాయి. ఆయనకు మన ఒప్పులకుప్ప తెలిసి ఉంటే దానినే ఉదాహరణగా తీసుకొని ఉండేవాడని నా నమ్మకం. ఇద్దరు ఆడపిల్లలు చేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి పట్టుకొని, పాదాలు దగ్గరపెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరగడం తప్ప ఆ ఆటలో గెలుపు లేదు, ఓటమి లేదు. ఒకరు చేయి వదిలితే ఇద్దరూ పడతారు.

పెద్దవాళ్ళ వ్యాయామం ఈ నాలుగింటిలో పోటీని ఒక్కదానినే ఉంచుకొని, అది కూడా తనతో తనకే పోటీగా మార్చుకొని, మిగిలిన మూడింటినీ గుమ్మం బయట విడిచిపెట్టింది. ఈతకొలనులో ఖాళీ దొరకకపోవడానికి కారణం ఇదేనేమో చూడండి. గట్టు లేదు, దూకడం లేదు.

నా స్వానుభవం మాత్రం గొప్పగా లేదు. మొన్న మనవరాలితో ఒప్పులకుప్ప మూడు చుట్లు తిరిగి, తరువాత పావుగంటసేపు గుమ్మం పట్టుకొని నిలబడ్డాను. అది మాత్రం చాలాసేపు నవ్వింది.

మల్లెపందిరి (తెనాలి), సోమవారం మధ్యాహ్నం 2.50

మాస్టారు ఒప్పులకుప్ప ప్రస్తావన తెచ్చారు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఇంతవరకూ రాసినవారిలో ముగ్గురు, పిలిస్తే వెళ్ళి ఆడారు, దూకాలనిపిస్తే దూకారు, తొక్కాలనిపిస్తే సైకిలు కొన్నారు. నలభై మూడేళ్ళ గృహిణి వీధిలో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి గెంతితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. నేను గెంతాను. మా అమ్మాయితో పందెం వేసి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని, నాలుగో గడి దాకా వెళ్ళాను. ఎదురింటి పెద్దావిడ కిటికీలోంచి చూసి, మరునాడు ఉదయం మా అత్తగారితో ‘మీ కోడలికి ఒంట్లో బాగానే ఉందా?’ అని ఆరా తీసింది.

ఇదివరకు ఇలా ఉండేది కాదని మా అమ్మ అంటుంది. అట్లతద్ది నాడు తెల్లవారకముందే లేచి గోరింటాకు చేతులతో అన్నం తిని, చీకటిలోనే వీధిలోకి వెళ్ళి చెట్లకు కట్టిన ఉయ్యాలలు ఊగేవారట. పెళ్ళికాని పిల్లలే కాదు, పిల్లల తల్లులు కూడా. ఏడాదికి ఒక్క రోజైనా ఆడవాళ్ళు ఆరుబయట కేకలు వేస్తూ ఆడుకోవడానికి ఊరంతా ఒప్పుకొన్న రోజు అది. తెలంగాణలో బతుకమ్మకు ఇప్పటికీ ఆ అనుమతి ఉంది. మా వైపు అట్లు మిగిలాయి, ఉయ్యాల పోయింది.

మేము అయిదుగురం కలిసి ఒక దారి వెతుక్కున్నాము. మాలో ఒకామె ఉపాధ్యాయురాలు కాబట్టి, ఉదయం అయిదున్నరకు బడి ఆవరణ తెరిపించి, ఇద్దరం పొడవాటి తాడు తిప్పుతుంటే మిగతావారు ఒక్కొక్కరే లోపలికి దూరి గెంతుతారు. తాడు నేలను కొట్టే చప్పుడుకు అడుగు కుదరాలి. కుదరకపోతే తాడు చీలమండకు చుట్టుకుంటుంది, అందరం నవ్వుతాము. ఒక ఇబ్బంది మాత్రం దాచకుండా చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఆడవాళ్ళు ఎక్కడా మాట్లాడరు. కాన్పుల తరువాత గెంతినప్పుడు మూత్రం చుక్కలుగా పడిపోవడం మాలో ముగ్గురికి ఉంది. ఒకామె ఈ కారణంగానే రావడం మానేసింది. దీనికి ఏదైనా మార్గం ఉందా?

కీలుమేలు (గుంటూరు), సోమవారం రాత్రి 8.15

మల్లెపందిరి గారూ, నేను ఫిజియోథెరపిస్టును. ముందుగా మీ ప్రశ్నకు జవాబు చెబుతాను. ఇది చాలా సాధారణమైన సమస్య, చాలామందిలో నయమయ్యే సమస్య. కటి కింది భాగంలో మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని మోసే కండరాలు కాన్పులో సాగి బలహీనపడతాయి. మూత్రం మధ్యలో ఆపుకోవడానికి బిగించే కండరాలు అవే. వాటిని బిగించి, కొన్ని క్షణాలు పట్టి, పూర్తిగా వదిలే వ్యాయామాన్ని సరిగ్గా నేర్చుకొని కనీసం మూడు నెలలు రోజూ చేయాలి. వ్యాయామం మూత్రం పోసేటప్పుడు చేయకూడదు, ఆ పోలిక కండరాన్ని గుర్తించడానికి మాత్రమే. చాలామంది ఊపిరి బిగబట్టి పొట్టను బిగిస్తారు, దాని వల్ల ప్రయోజనం లేదు. ఒక్కసారైనా నిపుణుల దగ్గర చూపించుకోవడం మంచిది. మానేసిన ఆమెను వెనక్కి పిలవండి. అంతవరకు ఆమె తాడు తిప్పవచ్చు, భుజాలకు అదీ వ్యాయామమే.

ఇక సాగరతీరం గారి ప్రశ్న. పరుగు తరువాతి హాయికి ఎండార్ఫిన్లు కారణమని పత్రికల్లో తరచుగా చదువుతాము గాని, రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా చేరవు. ఇటీవలి పరిశోధకుల చూపు శరీరమే తయారుచేసుకొనే మరొక పదార్థం మీద ఉంది. 1992లో జెరూసలేంలోని శాస్త్రవేత్తలు దానిని గుర్తించి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. అందులోని ఆనందం మన సంస్కృత శబ్దమే. 2015లో జర్మనీలో ఎలుకల మీద జరిగిన ప్రయోగంలో, ఈ పదార్థం వెళ్ళి అతుక్కొని పనిచేసే కణభాగాలను, అంటే గ్రాహకాలను, అడ్డుకుంటే పరుగు తరువాతి నెమ్మది కనిపించలేదు. అయినా వీపు మీద బంతి తగిలినప్పటి కేకను ఇది పూర్తిగా వివరించదని నేను ఒప్పుకుంటాను. అది రసాయనం కంటే వేగంగా వచ్చింది.

మాస్టారు గారి గుమ్మం సంగతికి కారణం లోపలి చెవి. సమతౌల్యాన్ని చూసే వ్యవస్థ వయసుతో మందగిస్తుంది. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా సమతౌల్యానికి పనికివచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. తిరగడం వద్దు మాస్టారూ. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి, మనవరాలిని లెక్కపెట్టమనండి.

అందరికీ ఒక హెచ్చరిక. వయసుతో మొదట తగ్గేది చటుక్కున బలాన్ని ఇచ్చే కండరపోగులు. నడక వాటిని దాదాపు ముట్టుకోదు. మూడేళ్ళు నడిచాను కాబట్టి ఒక్కసారిగా పరుగెత్తగలనని నలభై దాటినవారు అనుకున్నప్పుడే పిక్క లోపలివైపు కండరం చిట్లుతుంది. ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి, అటూ ఇటూ పక్కలకు అడుగులు వేసి, చిన్నగా గెంతి, ఆ తరువాతే బంతి ముట్టుకోండి.

థేమ్స్ ఒడ్డు (లండన్), సోమవారం రాత్రి 11.50

ఎదురుగాలి గారి ‘చివరికి మిగిలిపోయిన మనిషి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇక్కడ శనివారం ఉదయం తొమ్మిదింటికి పార్కుల్లో అయిదు కిలోమీటర్ల ఉచిత పరుగు జరుగుతుంది. పార్క్‌రన్ అంటారు. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పరుగెత్తగా మొదలైంది, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. దానిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఒక చిన్న ఏర్పాటు. ఒక స్వచ్ఛంద సేవకుడు కావాలనే అందరికంటే వెనుక నడుస్తాడు. అతడు దాటే వరకు పరుగు ముగియదు కాబట్టి, వచ్చినవారిలో ఎవరూ చివరివారు కారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఆయన పక్కనే నడిచాను. బురదలో కావాలని కాలు వేసి నడవడం నేర్పినది ఆయనే, ఆయనకు డెబ్బై ఏళ్ళు.

ఎదురుగాలి (హైదరాబాద్), మంగళవారం ఉదయం 6.30

ఆ వెనుక నడిచే మనిషి మా బడిలో ఒక్కడుంటే చాలా బాగుండేది. ధన్యవాదాలు.

నిర్వాహకులు, మంగళవారం ఉదయం 9.00

బూట్ల కంపెనీల గురించిన ఆరు సందేశాలను వేరే చర్చకు మార్చాము. దయచేసి ఇక్కడ విషయానికే కట్టుబడండి.

మెట్లదారి (తిరుపతి), మంగళవారం సాయంత్రం 5.20

మా ఇంటి దగ్గర వ్యాయామమంటే అలిపిరి మెట్లే. మొత్తం 3,550. గాలిగోపురం దాకా నిట్టనిలువుగా ఉంటాయి, ఆ తరువాత దారి చదునుగా సాగి, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పరీక్ష పెడుతుంది. నేను నెలకు ఒకసారి ఎక్కుతాను. దేవుడి దగ్గరికి వెళ్తున్నాము కాబట్టి దీనిని ఆట అనవచ్చో అనకూడదో తెలియదు గాని, ప్రతి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే అమ్మలను దాటుకుంటూ, పిల్లలు రెండేసి మెట్లు గెంతి పైకి పోవడం చూసినప్పుడల్లా నా కాళ్ళు ఊరుకోవు. పోయిన నెల గాలిగోపురం దాటాక చదును దారిలో ఒక పదేళ్ళ పిల్లవాడు ‘ఆ మలుపు దాకా పందెం’ అన్నాడు. వాడెవరో నాకు తెలియదు. ఇద్దరం పరుగెత్తాము. వాడే గెలిచాడు. మలుపు దగ్గర వాళ్ళ నాన్న ఇద్దరికీ చెరొక జామకాయ ముక్క ఇచ్చాడు, ఉప్పూ కారమూ చల్లి.

ఎక్కడం కంటే దిగడమే కండరాలను ఎక్కువగా నొప్పిస్తుందని నేను అనుభవం మీద చెప్పగలను. మొదటిసారి వచ్చేవారు దిగేటప్పుడు బస్సెక్కండి.

సాగరతీరం (విశాఖపట్నం), తరువాతి ఆదివారం రాత్రి 8.30

కీలుమేలు గారి హెచ్చరికను నేను సోమవారమే చదివాను, ఆదివారం సాయంత్రం మరచిపోయాను. పది నిమిషాలు ఒళ్ళు వేడిచేసుకోవలసింది పోయి, మేడ దిగుతూనే బంతి వెంట పరుగెత్తాను. వెనుక నుంచి ఎవరో పిక్క మీద రాయి విసిరినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఇప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకొని, గుడ్డ చుట్టుకొని రాస్తున్నాను. ఎన్నాళ్ళు ఆగాలి?

కీలుమేలు (గుంటూరు), తరువాతి ఆదివారం రాత్రి 9.05

రాయి విసిరినట్టు అనిపించడం ఈ గాయానికి అచ్చమైన గుర్తు. మునివేళ్ళ మీద లేవబోతే లేవలేకపోతున్నా, మడమ పైన పిక్క కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు దగ్గర గుంటలా తగులుతున్నా రేపే ఎముకల వైద్యులకు చూపించండి. రెండు మూడు రోజుల్లో వాపు తగ్గకుండా పిక్క వేడిగా, గట్టిగా మారినా వైద్యుల దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే సిరలో రక్తం గడ్డకట్టినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. అవేవీ లేకపోతే మొదట నొప్పి లేనంత మేరకు నడక, తరువాత రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేవడం, ఆ పైన గాయమైన ఒంటికాలి మీద లేవడం. ఆ కాలి మీద నొప్పి లేకుండా ఇరవైసార్లు లేవగలిగే దాకా పరుగు వద్దు. చిన్న గాయమైతే మూడు నాలుగు వారాలు, పెద్దదైతే ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

సాగరతీరం (విశాఖపట్నం), అయిదు వారాల తరువాత, సోమవారం ఉదయం 7.15

నిన్న మళ్ళీ వెళ్ళాను. పిల్లలు ఒక కొత్త నియమం చేసి ఉంచారు. అంకుల్ పరుగెత్తకూడదు, ముక్కలు పేర్చే పని మాత్రమే చేయాలి, అంకుల్‌ను బంతితో కొట్టేటప్పుడు మెల్లగా కొట్టాలి. మొదటి రెండింటికీ ఒప్పుకున్నాను, మూడవదానికి ఒప్పుకోలేదు. కాలు పట్టుకొని ఇంట్లో కూర్చున్న వారాల్లో టైలు ముక్కల నునుపు వైపును సిమెంటు గట్టు మీద రాసి గరుకుగా చేశాను గాని, అంచులు పిల్లల చేతులు కోసేటట్టున్నాయి. అసలైన బంగళా పెంకులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

మల్లెపందిరి (తెనాలి), సోమవారం ఉదయం 10.40

మా పెరట్లో పాత వంటిల్లు పడగొట్టినప్పటి పెంకులు గుట్టగా ఉన్నాయి. మా తమ్ముడు శుక్రవారం విశాఖ వస్తున్నాడు, వాడి చేత పంపుతాను. మానేసిన మా స్నేహితురాలు నిన్నటి నుంచి తాడు తిప్పడానికి వస్తున్నదని కీలుమేలు గారికి తెలియజేస్తున్నాను. పెంకులు ఏడు సరిపోతాయా, పగిలిపోయేవాటిని కూడా లెక్కలో వేసి పది కట్టమంటారా?

సాగరతీరం (విశాఖపట్నం), సోమవారం ఉదయం 10.52

పదిహేను కట్టండి.